12 మ్యాచ్‌ల కోసం 62 కోట్లు: ఒక స్టేడియం ఫైలు కథ

నెల్లూరు దర్గామిట్టలో నాకో చిన్న ఆఫీసుంది. మునిసిపాలిటీలకి, మార్కెట్ కమిటీలకి డీపీఆర్‌లు, అంటే కట్టకముందే ఖర్చు, రాబడి లెక్కలేసే ప్రాజెక్టు రిపోర్టులు, రాసిపెట్టడం నా పని. ఓవర్‌హెడ్ ట్యాంకులు, కూరగాయల మార్కెట్లు, బస్టాండు పక్కన షాపింగ్ కాంప్లెక్సులు, డంపింగ్ యార్డులు, ఇట్టాంటివన్నీ. పదహారేళ్లలో స్టేడియం ఫైలు నా టేబుల్ మీదికి రెండే రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నేనే చెడగొట్టాను, ఆ సంగతి మధ్యలో చెప్తాను. రెండోది ఇది. ఫీజు తీసుకుని చేసిన పని కాబట్టి ఊరి పేరు, లీగ్ పేరు రాయను, అంకెల్ని కూడా కొంచెం గుండ్రంగా మార్చాను. లెక్క నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే.

ఒంగోలుకీ నెల్లూరుకీ మధ్య, హైవేకి దగ్గర్లో ఒక మునిసిపాలిటీ అనుకోండి. పన్ను కట్టే ఇళ్లు 22 వేలు. ఆస్తి పన్ను ఏడాదికి 6 కోట్లు వసూలైతే ఆ ఏడాది బాగా గడిచినట్టు. ఎండాకాలం రోజు మార్చి రోజు నీళ్లు, శివారు కాలనీలకి ట్యాంకర్లు. ఊరి బయట 18 ఎకరాల ప్రభుత్వ భూమి, పేరుకి మునిసిపల్ గ్రౌండు, ఉన్నదేమో రెండు వాలీబాల్ స్తంభాలు, ఒక సిమెంటు పిచ్, చుట్టూ చిల్లచెట్లు.

ఆ ఊరికి ఒక ప్రైవేటు టీ20 లీగ్ వాళ్లు వచ్చారు. వాళ్ల ప్రతిపాదన ఇది: భూమి మీరివ్వండి, స్టేడియం మీరు కట్టండి, టీమ్ మేమిస్తాం, టీమ్‌కి మీ ఊరి పేరే పెడతాం. 12 వేల సీట్లు, నాలుగు ఫ్లడ్‌లైట్ టవర్లు, మొత్తం 62 కోట్లు. అందులో 20 కోట్లు రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటుగా ఇస్తుందని, 30 కోట్లు మునిసిపాలిటీ అప్పు చేస్తుందని, మిగిలిన 12 కోట్లు దాతలు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఇచ్చే సొమ్ము) నుంచి వస్తాయని రాసుకున్నారు. కట్టడంలో లీగ్ వాటా సున్నా. సీజన్‌కి 12 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి లక్షన్నర అద్దె. లోపలి బోర్డుల మీద ప్రకటనలు, స్టాండ్ల పేర్లు, పార్కింగు, తినుబండారాల స్టాళ్లు అన్నీ వాళ్లవే. ఒప్పందం ఏడేళ్లు, కానీ రెండేళ్లు దాటాక మూడు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. ఈ చివరి ముక్క 19వ పేజీలో ఉంది. 19వ పేజీ దాకా ఎవరూ వెళ్లలేదు.

కౌన్సిల్ అజెండాలోకి ఎక్కాక కమిషనర్ గారు నాకు ఫోన్ చేశారు. "మీరొకసారి రావాల సార్. రేపు ఆడిట్ వాళ్లు అడిగితే, ఎవరో ఒకళ్లు లెక్క చూశారని చూపించేదానికి నా దగ్గర కాగితం ఉండాల." ఆయనకి స్టేడియం వద్దని కాదు. ఊళ్లో ఎవరికీ వద్దని లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు, నేను చిన్నప్పుడు నెల్లూరు వీఆర్ కాలేజీ గ్రౌండులో గోడ మీద కూర్చుని క్రికెట్ చూసినవాణ్ణే.

కౌన్సిల్ హాల్లో ప్రెజెంటేషన్ పెట్టారు. లీగ్ తరఫున వచ్చిన కుర్రాడు బాగా మాట్లాడతాడు, మధ్యమధ్య మన యాస కూడా కలుపుతున్నాడు. మొదటి స్లైడు మీద అమెరికా లాస్ వేగాస్‌లో నల్లగా మెరిసే స్టేడియం ఫొటో. అమెరికాలో ఊళ్లే డబ్బులు పెట్టి టీమ్‌లని తెచ్చుకుంటాయి, అందుకే అవి అట్టా పెరిగాయి, అన్నాడు. ఆఖరి స్లైడు మీద పెద్ద అక్షరాలతో 21 కోట్ల 60 లక్షలు, 'ఏటా ఊరికి ఆర్థిక లబ్ధి'. ఎట్టా వచ్చిందంటే, మ్యాచ్‌కి 12 వేల మంది, మనిషికి 1,500 ఖర్చు, 12 మ్యాచ్‌లు. గుణిస్తే అంతే, గుణకారంలో తప్పేం లేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక కౌన్సిలరమ్మ లేచింది. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ ఆమెది. "ఇరవయ్యొక్క కోట్లు సరే బాబూ, ఆఫీసులో జమయ్యేది ఎంత?" అని అడిగింది. కుర్రాడు నవ్వి, ఊరికి పేరొస్తుంది మేడమ్, అన్నాడు. ఆమె కూర్చుంది. నా నోట్‌బుక్‌లో ఆ రోజు పనికొచ్చే ముక్క రాసుకున్నానంటే అదొక్కటే.

ఎందుకంటే ఆ 1,500 రూపాయల వెంట నడిచి చూస్తే గానీ విషయం అర్థం కాదు. టికెట్టు డబ్బులు లీగ్‌కి పోతాయి. బిర్యానీ తింటే జీఎస్టీ సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. పెట్రోలు పోయిస్తే వ్యాట్ రాష్ట్రానికి. ప్రకటనల పన్ను ఒకప్పుడు మునిసిపాలిటీదే, 2017లో జీఎస్టీ వచ్చాక అదీ కలిసిపోయింది. టీవీ హక్కుల డబ్బు ఈ ఊరి పొలిమేర కూడా తొక్కదు. ఇక మునిసిపాలిటీకి మిగిలేది ఆస్తి పన్ను, నీటి చార్జీలు, ట్రేడ్ లైసెన్స్ ఫీజు. హోటలతను బిర్యానీలు వంద అమ్మినా వెయ్యి అమ్మినా ట్రేడ్ లైసెన్స్ ఫీజు ఒకటే. ఆటోవాళ్లకి, టీ బంకు వాళ్లకి నాలుగు డబ్బులు వస్తాయి, అది నిజం, నేను కాదనను. కానీ అప్పు తీర్చాల్సింది మునిసిపాలిటీ, లాభాన్ని పన్నుగా తీసుకునే అధికారం మాత్రం దానికి లేదు. నా రిపోర్టు మొత్తానికి వెన్నెముక ఇదే. మిగతాదంతా దీనికి కట్టిన కండ.

వేగాస్ సంగతి కూడా చూడాల్సి వచ్చింది, స్లైడు వాళ్లే పెట్టారు గనక. 2020లో తెరిచిన ఆ స్టేడియానికి ప్రజల సొమ్ము 75 కోట్ల డాలర్లు పెట్టిన మాట వాస్తవం. ఆ సొమ్ము హోటల్ గదుల మీద పన్ను 0.88 శాతం పెంచి రాబడుతున్నారు. అక్కడ దాదాపు లక్షన్నర హోటల్ గదులున్నాయి, ఉండేది ఎక్కువగా బయటివాళ్లు, పన్ను పడేది వాళ్ల మీద. మన ఊళ్లో లాడ్జీలు నాలుగు. ఆ స్లైడులో చూపించని సగం ఇంకొకటుంది. ఆ స్టేడియంలో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్, రైడర్స్, వేగాస్‌కి వచ్చింది ఓక్లాండ్ నుంచి. 1995లో అదే టీమ్‌ని వెనక్కి రప్పించుకోడానికి ఓక్లాండ్ నగరం, అక్కడి కౌంటీ కలిసి అప్పు చేసి పాత స్టేడియానికి కొత్త గ్యాలరీ కట్టాయి. టీమ్ మూట కట్టుకుని వెళ్లేనాటికి ఆ అప్పు ఇంకా తీరలేదు. సియాటిల్‌లో అయితే ఇంకా విచిత్రం, కింగ్‌డోమ్ అనే స్టేడియాన్ని 2000 మార్చిలో బాంబులు పెట్టి కూల్చేశారు, దాని మీద అప్పు తీరింది 2015లో. లేని కట్టడానికి పదిహేనేళ్లు వాయిదాలు కట్టారన్నమాట.

రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 1997లోనే అమెరికా స్టేడియాల లెక్కలు తిరగేశారు. పెట్టిన ప్రజల సొమ్ముకి తగ్గ రాబడి ఇచ్చిన స్టేడియం వాళ్లకి కనబడలేదు. కారణాల్లో ముఖ్యమైనది చాలా మామూలు విషయం: ఊళ్లో జనం వినోదానికి పెట్టే డబ్బు ఎంతో కొంత ఉంటుంది, మ్యాచ్‌కి పెడితే ఇంకోచోట తగ్గిస్తారు. దీన్ని పుస్తకంలోంచి చెప్తే కౌన్సిల్లో ఎవరూ వినరు. అందుకని ఊళ్లో ఉన్న సినిమా హాలు మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆయన డీసీఆర్, అంటే రోజువారీ కలెక్షన్ రాసే రిజిస్టర్, తీసి చూపించాడు. సంక్రాంతికి హైస్కూల్ గ్రౌండులో మూడు రాత్రులు కబడ్డీ పోటీలు పెట్టిన రోజుల్లో ఫస్ట్ షో టికెట్లు మామూలు పండగ రోజుల్లో సగం. "మాకు కబడ్డీ వాళ్ల మీద కోపమేం లేదు సార్, నాలుగో రోజు మళ్లీ వచ్చారు. కాకపోతే ఆ మూడు రోజుల డబ్బు ఇక రాదు కదా" అన్నాడు. రిపోర్టుకి ఆ పేజీ జిరాక్స్ జత చేశాను. మూడు పేజీల థియరీ కంటే అదే ఎక్కువ పనిచేసింది.

మరి బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు? వాళ్లు తెచ్చేదే కొత్త డబ్బు. ప్రకాశం జిల్లాలో ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి వేగాస్ దాకా పోనక్కర్లేదు, తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు చూస్తే చాలు. ఎడ్ల వయసుని పళ్లని బట్టి లెక్కేసి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అని విభాగాలు పెట్టి పందెం కడితే, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి, తెలంగాణ నుంచి కూడా ఒంగోలు గిత్తల్ని లారీల్లో ఎక్కించుకుని వస్తారు. వేలమంది జనం. దానికి కావాల్సింది కోత అయిపోయిన పొలం, రెండు వైపులా కర్రలు, మైకు. కమిటీ చందాలతో ప్రైజులిస్తుంది. అయిపోగానే పొలం రైతుకి తిరిగి వెళ్తుంది. జనం రావడానికి కాంక్రీటు గ్యాలరీ తప్పనిసరి అనే మాటని మన జిల్లాలో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు నా పాత తప్పు సంగతి. పదేళ్ల కిందట ఇంకో ఊళ్లో ఒక ఇండోర్ స్టేడియానికి నేనే డీపీఆర్ రాశాను. రోజుకి ఆరు గంటలు కోర్టులు అద్దెకి పోతాయని, నెలకి రెండు ఫంక్షన్లు జరుగుతాయని, నాలుగో ఏడు నుంచి మిగులు అని. ఎక్కడి నుంచి తెచ్చాను ఆ ఆరు గంటలు? ఎక్కడి నుంచీ కాదు. మిగులు కనబడితే గానీ ఫైలు కదలదన్నారు, కనబడే దాకా ఎక్సెల్‌లో ఆ గడి పెంచుకుంటూ పోయాను. కట్టారు. రెండో వానాకాలానికే షీట్ల సందులోంచి నీళ్లు దిగి చెక్క ఫ్లోరు ఉబ్బింది, మార్చడానికి డబ్బుల్లేవు. తర్వాత అది ఎన్నికల సామాను పెట్టుకునే గోడౌన్ అయింది. ఒకసారి అటుగా వెళ్తూ లోపలికి తొంగి చూస్తే, బ్యాడ్మింటన్ కోర్టు తెల్లగీతల మీద బ్యాలెట్ బాక్సులు వరసగా పేర్చి ఉన్నాయి, గీత దాటకుండా. ఆ వరస నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది. అందుకే ఈసారి ఫైలు ముట్టుకునే ముందు ఓ అండ్ ఎం, అంటే కట్టాక నడిపే, బాగుచేసే ఖర్చు, నుంచి మొదలుపెట్టాను. కట్టేటప్పుడు అందరూ ఉంటారు, కరెంటు బిల్లు వచ్చేటప్పుడు ఒక్క కమిషనరే ఉంటాడు.

కరెంటు చూద్దాం. టీవీలో చూపించే స్థాయి ఫ్లడ్‌లైట్లు, ఏసీ బాక్సులు, మోటార్లు కలిపి వాళ్ల డిజైన్‌లో 600 కేవీఏ లోడుతో హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉంది. హెచ్‌టీకి డిమాండ్ చార్జి కేవీఏకి నెలకి 475. మీరు లైట్లు వేసినా వేయకపోయినా ఒప్పుకున్న లోడులో 80 శాతానికి బిల్లు వేస్తారు. అంటే 480 కేవీఏ, నెలకి 2 లక్షల 28 వేలు, ఏడాదికి 27 లక్షల 36 వేలు. ఇందులో ఒక్క యూనిట్ కూడా కాల్చలేదు ఇంకా. 12 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి నాలుగు గంటలు, మొత్తం ఏడాదికి లైట్లు వెలిగేది 48 గంటలు. గంటకి 57 వేలు పడుతుంది, వెలగడానికి కాదు, వెలగడానికి సిద్ధంగా ఉన్నందుకు. జనరేటర్లు, లైట్లు అద్దెకి తెచ్చుకుంటే ఇందులో చాలా తగ్గుతుందని ఎంఈ (మునిసిపల్ ఇంజనీర్) గారే అన్నారు, ఆయనకి ఈ బిల్లుల బాధ తెలుసు గనక.

నీళ్లు. క్రికెట్ గ్రౌండు బౌండరీ వ్యాసార్థం 70 మీటర్లనుకుంటే పచ్చిక విస్తీర్ణం 15,400 చదరపు మీటర్లు. మన ఎండలకి రోజుకి 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే, అదీ తక్కువలో తక్కువ, 77 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 15. మనిషికి రోజుకి 135 లీటర్లనే ప్రభుత్వ ప్రమాణం లెక్కన 570 మంది నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లోనే లీగ్ సీజన్. అదే నెలల్లో శివారు కాలనీల్లో ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి ట్యాంకర్ కోసం కూర్చుంటారు. వాళ్ల ముందునుంచే గ్రౌండుకి ట్యాంకర్లు పోతే ఏమవుతుందో ఊహించుకోండి. ఇది నా ఊహ మాత్రమే కాదు, 2016లో మహారాష్ట్ర కరువులో ఉన్నప్పుడు బాంబే హైకోర్టు ఏప్రిల్ 30 తర్వాతి ఐపీఎల్ మ్యాచ్‌లని రాష్ట్రం బయటికి పంపించింది. వాటిలో కొన్ని మన విశాఖకే వచ్చాయి. మనం ఆ రోజు సంబరపడ్డాం, కానీ గ్రౌండు కట్టుకున్నవాళ్ల వైపు నుంచి చూస్తే, కోర్టు ఒక్క మాటంటే మ్యాచ్‌లు లేచి వెళ్లిపోయాయి, గ్రౌండ్లు అక్కడే ఉన్నాయి.

భూమి దగ్గర ఇంకో చిక్కు. తహసీల్దార్ ఆఫీసులో ఆర్ఎస్ఆర్ (పాత సర్వే రిజిస్టరు), ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పటం) తీయించాను. 18 ఎకరాల్లో దాదాపు 5 ఎకరాలు చెరువు పోరంబోకు, అంటే చెరువు కింద రాసిన ఊరుమ్మడి ప్రభుత్వ భూమి. చెరువు కనబడదు, పూడిపోయింది, కానీ రికార్డులో ఉంది. ఇట్టాంటి ఉమ్మడి భూముల విషయంలో ఆక్రమణలు తొలగించాల్సిందేనని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా తీర్పిచ్చింది, ఎవరో ఒకరు కోర్టుకెళ్తే సగం కట్టిన గ్యాలరీ అట్టాగే నిలబడిపోతుంది. లీగ్ వాళ్ల డ్రాయింగులో ఈస్ట్ స్టాండు సరిగ్గా ఆ 5 ఎకరాల మీదే పడింది. ఆటల పేరుతో ప్రభుత్వ భూమి ఇచ్చి తర్వాత కోర్టుల చుట్టూ తిరిగిన అనుభవం మనకి కొత్త కాదు, 2003లో హైదరాబాద్‌లో ఐఎంజీ భారత అనే సంస్థకి క్రీడల కోసమని 850 ఎకరాలకి ఒప్పందం రాస్తే, తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది, ఆ రద్దు సరైనదేనని తెలంగాణ హైకోర్టు చెప్పేసరికి 2024 మార్చి అయింది.

లెక్క ముగింపుకొద్దాం. రాబడి: అద్దె 18 లక్షలు, గ్యాలరీ కింద 40 షాపులు నెలకి 6 వేల చొప్పున 28 లక్షల 80 వేలు. కలిపి 47 లక్షల లోపు. ఖర్చు: కరెంటు 35 లక్షలు, పచ్చిక, నీళ్లు 25, మనుషులు 20, రిపేర్లకి 10. రిపేర్లకి పది లక్షలనేది నా మొహమాటం, 62 కోట్ల కట్టడానికి అది ఏ మూలకీ రాదు. మొత్తం 90 లక్షలు. అప్పు జోలికి వెళ్లకముందే ఏడాదికి 43 లక్షలు లోటు. 30 కోట్ల అప్పుకి 9.5 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు అయితే ఏటా 3 కోట్ల 83 లక్షలు కట్టాలి. అన్నీ కలిపితే 4 కోట్ల 26 లక్షలు. మ్యాచ్‌కి ముప్పయ్యైదున్నర లక్షలు, ఇంటికి ఏడాదికి 1,900 పైన. ఆరు కోట్ల ఆస్తి పన్నులో నాలుగుంపావు కోట్లు. కేంద్రం నుంచి మునిసిపాలిటీలకి వచ్చే ఫైనాన్స్ కమిషన్ గ్రాంటుని ఇందులోకి మళ్లిద్దామంటే కుదరదు, 15వ ఫైనాన్స్ కమిషన్ అందులో 60 శాతాన్ని నీళ్లకి, పారిశుధ్యానికి కట్టేసింది. ఇదంతా 20 కోట్ల గ్రాంటు, 12 కోట్ల దాతల సొమ్ము నిజంగా వచ్చాయని అనుకునే. దాతల పేర్లు అడిగితే లిస్టు పంపిస్తామన్నారు, పంపించలేదు.

చైర్మన్ గారు దీనికి ఒప్పుకోలేదు. "రేపు ఐపీఎల్ వస్తదేమోనయ్యా, గ్రౌండుంటేనే కదా వచ్చేది" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఐపీఎల్ మ్యాచ్ జరిపినందుకు స్టేట్ క్రికెట్ అసోసియేషన్‌కి ఇచ్చేది 2020 నుంచి మ్యాచ్‌కి కోటి రూపాయలు, ఫ్రాంచైజీ సగం, క్రికెట్ బోర్డు (బీసీసీఐ) సగం. మనకి నాలుగుంపావు కోట్లు కావాలి, అంటే ఏటా నాలుగైదు ఐపీఎల్ మ్యాచ్‌లు, పైగా ఆ డబ్బు పోయేది అసోసియేషన్‌కి, మునిసిపాలిటీకి కాదు. ఢిల్లీ క్యాపిటల్స్ 2024లో విశాఖలో ఆడింది రెండు మ్యాచ్‌లు, 2025లోనూ రెండే. 2005 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడుతున్న, ధోనీ 148 కొట్టిన గ్రౌండుకే రెండు. విమానాశ్రయం లేని, ఫైవ్ స్టార్ హోటలు లేని మన ఊరికి ఎన్నొస్తాయి? ఆయన టీ కప్పు పక్కన పెట్టి, "అట్టాగంటే ఇక ఏదీ కట్టలేం కదా" అన్నారు. కొంచెం నొచ్చుకున్నారని తెలుస్తూనే ఉంది.

లీగ్ వాళ్లని నేను అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు, బోర్డు అనుమతి ఉందా అని. ప్రాసెస్‌లో ఉందన్నారు. బోర్డు గుర్తింపు లేని లీగ్‌లో ఆడితే రిజిస్టర్డ్ ఆటగాళ్ల మీద వేటు పడుతుంది. 2007లో బోర్డు గుర్తింపు లేకుండా మొదలైన ఐసీఎల్ (ఇండియన్ క్రికెట్ లీగ్) గుర్తుంది కదా, మన అంబటి రాయుడు హైదరాబాద్ హీరోస్‌కి ఆడి ఎన్నాళ్లు బయట ఉండాల్సొచ్చిందో. టీవీ చానెల్ వెనక ఉన్నా అది 2009కే మూతపడింది. మన అప్పు గడువు 15 ఏళ్లు.

లాక్-ఇన్, అంటే టీమ్ మధ్యలో వెళ్లిపోకుండా కట్టేసే గడువు, దాని మీద గట్టిగా పట్టుబట్టాను. అప్పు ఎన్నాళ్లయితే టీమ్ అన్నాళ్లు, లేదా మిగిలిన వాయిదాలకి బ్యాంక్ గ్యారంటీ. టీమ్‌లు కదులుతాయి, అందులో తప్పు లేదు, వాళ్లది వ్యాపారం. ప్రో కబడ్డీ టీమ్ తెలుగు టైటాన్స్ పేరు 2014 నుంచి మారలేదు, సొంత గ్రౌండు మాత్రం ఒకసారి విశాఖ, ఒకసారి హైదరాబాద్ గచ్చిబౌలి. వాళ్లు ఉన్న ఇండోర్ స్టేడియాన్ని అద్దెకి తీసుకుని ఆడతారు, పోతారు, ఎవరికీ నష్టం లేదు. కట్టినవాడు మునిగిపోయినా కష్టమే: తిరువనంతపురం గ్రీన్‌ఫీల్డ్ స్టేడియం 2015 జాతీయ క్రీడలకి ప్రైవేటు సంస్థ కట్టి నడిపేలా, ప్రభుత్వం ఏటా వాయిదాలిచ్చేలా రాసుకున్నారు, కాగితం మీద చక్కటి ఒప్పందం. కట్టిన సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ గ్రూపుది, 2018లో ఆ గ్రూపే కుప్పకూలింది. 2021లో ఆ గ్రౌండులో ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీ పెడితే పచ్చిక పాడైపోయింది. నేను బ్యాంక్ గ్యారంటీ, ప్రకటనల్లో వాటా, ఆదాయంలో శాతంగా అద్దె, ఇవన్నీ రాసి పంపిన మెయిలుకి లీగ్ నుంచి వచ్చిన జవాబు రెండే లైన్లు. తమ స్టాండర్డ్ టర్మ్స్‌లో మార్పులు చేయరట.

ఇక్కడ గ్రౌండు గురించి చెప్పాలి. తెల్లవారుజామున ఐదింటికి వెళ్లాను, సైట్ చూడటానికి అదే మంచి సమయం, ఎవరు వాడుతున్నారో తెలుస్తుంది. చీకట్లో యాభై అరవై మంది పరిగెత్తుతున్నారు, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి. మగపిల్లలకి 1,600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలకి పదిన్నర నిమిషాల్లో. ట్రాక్ లేదు కాబట్టి గ్రౌండు చుట్టూ ఐదున్నర రౌండ్లు అని వాళ్లే కొలుచుకున్నారు. ఒక ఇటుక మీద ఫోన్ నిలబెట్టి టైమర్ పెట్టారు. ఒకమ్మాయి ఎడమ చేతిలో గులకరాళ్లు పట్టుకుని పరిగెత్తుతోంది, రౌండు తిరిగినప్పుడల్లా ఒకటి వదిలేస్తుంది, ఎన్నో రౌండో మర్చిపోకుండా. "స్టేడియం కడితే మమ్మల్ని లోపలికి రానిస్తారా సార్?" అని అడిగింది. డ్రాయింగు నా సంచిలోనే ఉంది. అందులో రన్నింగ్ ట్రాక్ లేదు, సీజన్ లేనప్పుడు గేట్లకి తాళాలు అని రూల్సులో ఉంది. చూద్దాంలేమ్మా అన్నాను.

నా రిపోర్టులో ఈ ప్రతిపాదన ఈ రూపంలో వద్దని రాశాను. బదులుగా చెరువు పోరంబోకు వదిలేసి, 13 ఎకరాల్లో 400 మీటర్ల మట్టి ట్రాక్, మధ్యలో ఆటస్థలం, ఒకవైపు 2 వేల మందికి గ్యాలరీ, మరుగుదొడ్లు, మామూలు లైట్లు, 8 కోట్లు, అప్పు లేకుండా రెండు దశల్లో. లీగ్ వాళ్లు వస్తే రమ్మనండి, టెంపరరీ గ్యాలరీలు, ఫ్లడ్‌లైట్లు వాళ్లే అద్దెకి తెచ్చుకోవాలి, గ్రౌండుకి రోజు అద్దె కట్టాలి. కౌన్సిల్‌లో గంటన్నర గొడవ జరిగింది. టిఫిన్ సెంటర్ కౌన్సిలరమ్మ నా పక్షాన మాట్లాడుతుందనుకున్నాను, ఆమె స్టేడియానికే ఓటేసింది. "లెక్క సరే సార్, మా వార్డుకి పక్కనే వస్తది గదా" అంది తర్వాత. చివరికి ఐదు ఓట్ల తేడాతో నా ప్రత్యామ్నాయం గట్టెక్కింది. 30 కోట్ల అప్పుకి ప్రభుత్వ అనుమతి ఎటూ రాదని కమిషనర్ గారు చెవిలో వేయకపోతే అదీ జరిగేది కాదు.

లీగ్ పక్క జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండుకి వెళ్లింది. గొట్టాలతో కట్టిన గ్యాలరీలు, అద్దె లైట్లు. ఆఖరి రోజు నేనూ టికెట్టు కొనుక్కుని వెళ్లాను. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి: మ్యాచ్‌కి 2,500 మంది కంటే రారని రిపోర్టులో రాశాను. ఫైనల్‌కి ఏడెనిమిది వేలమంది ఉన్నారు, నాకు కూర్చోడానికి చోటు దొరకలేదు, చెరుకురసం బండతను రెండుసార్లు చెరుకు తెప్పించుకున్నాడు. ఇంటికొచ్చి ఆ రాత్రే ఎక్సెల్ తెరిచి 12 మ్యాచ్‌లూ హౌస్‌ఫుల్ అని పెట్టి చూశాను. మునిసిపాలిటీ గడిలో అంకె కదల్లేదు, అద్దె మ్యాచ్‌కి లక్షన్నరే కాబట్టి. కానీ జనం ఉత్సాహాన్ని నేను తక్కువ అంచనా వేశాను, అది నిజం. రెండో సీజన్‌ని వాళ్లు ఇంకో జిల్లాకి మార్చారు. కాలేజీ వాళ్లు గొట్టాలు విప్పి పంపించేశారు.

ఆ ఊళ్లో మాత్రం ఇప్పటికీ హోటల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, స్టేడియం రాకుండా అడ్డుపడింది ఈ నెల్లూరాయనే అని. కమిషనర్ గారు బదిలీ అయ్యారు. ట్రాక్ వేశారు, బాగానే వేశారు, వాన పడితే ఉత్తరం మూల నీళ్లు నిలుస్తాయి. గ్యాలరీ రెండో దశలో ఉంది, బిల్లు రాక కాంట్రాక్టరు స్తంభాల దగ్గర ఆపేశాడు. మరుగుదొడ్లు కట్టి ఏడు నెలలైంది. మోటారుకి కరెంటు కనెక్షన్ ఇవ్వలేదు, అందుకని తాళం తీయలేదు, తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది. కిందటి నెల పొద్దున్నే వెళ్తే గులకరాళ్ల అమ్మాయి లేదు, సెలెక్ట్ అయిందన్నారు. కొత్తగా వచ్చిన పిల్లలు ట్రాక్ మీద నాలుగు రౌండ్లు లెక్కపెట్టుకుని పరిగెత్తుతున్నారు. ఆడపిల్లలు మాత్రం ఆరున్నర కాకముందే ఇంటికి వెళ్లిపోతున్నారు, ఎందుకో అడగనక్కర్లేదు. కనెక్షన్ డిపాజిట్ 38 వేలు. దానికోసం నేను రాసిన లెటరుకి మునిసిపల్ ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబరు పడింది.